హీరోకి దెబ్బ తగిలితే దాచాలా, చెప్పాలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కొత్తగా చూసేవాళ్ల కోసం దాన్ని క్లుప్తంగా మళ్లీ చెబుతాను. మీరు ఏడాదిగా ఓ యువ హీరో దగ్గర సోషల్ మీడియా పని చూస్తున్నారు. ఫైట్ తీస్తుండగా ఆయన మోకాలికి దెబ్బ తగిలింది. ఆపరేషన్ అయింది, మూడు నెలలు విశ్రాంతి అన్నారు. విషయం బయటికి పొక్కకూడదని నిర్మాత పట్టుదలగా ఉన్నారు. ఈలోగా యూట్యూబ్‌లో ఒకరు ‘ఇక డాన్స్ చేయలేడట’ అని, ఇంకొకరు ‘డైరెక్టర్‌తో గొడవపడి వెళ్లిపోయాడట’ అని వీడియోలు పెట్టేశారు. పాతకాలంలో స్టార్ల విషయాలు అంత గుట్టుగా ఎలా ఉంచగలిగారు, ఇప్పుడు మనం ఎలా ఉంచాలి అని మీరు అడిగారు.

దాచకండి. వీలైతే ఈ సాయంత్రంలోపే, మీ హీరో నోటితోనే చెప్పించండి. ఎందుకంటున్నానో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. ‘పాతరోజుల్లో అన్నీ దాచేవారు, అందుకే స్టార్లు దేవుళ్లలా ఉండేవారు’ అనే నమ్మకం మన ఫీల్డులో బాగా నాటుకుపోయింది. మీ నిర్మాత భయం కూడా అక్కడి నుంచే వస్తోంది. అందులో నిజం సగమే.

నేను 1989లో మద్రాసులో ఓ సినిమా వారపత్రికలో సబ్ ఎడిటర్‌గా చేరాను. తర్వాత హైదరాబాద్ వచ్చేసి, పాతికేళ్లకు పైగా పీఆర్వోగా, అంటే తారల ప్రచారం, పత్రికల వ్యవహారం చూసేవాడిగా పనిచేశాను. నేను చేరేనాటికి బ్లాక్ అండ్ వైట్ కాలం చూసిన స్టిల్ ఫొటోగ్రాఫర్లు, ప్రొడక్షన్ మేనేజర్లు ఇంకా పనిలో ఉన్నారు. వాళ్ల పక్కన కూర్చుని విన్న సంగతులే నాకు చదువు.

ఆ కాలంలో ప్రేక్షకుడికి స్టార్ కనిపించే దారులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తెర, గోడ మీద పోస్టరు, హాలు బయట అమ్మే పాటల పుస్తకం, ఇంట్లో క్యాలెండరు, నెలకోసారి వచ్చే పత్రిక. అంతే. ఆ పత్రికల్లో కూడా పెద్దది ఎవరిదో చూడండి. ‘విజయచిత్ర’ను 1966లో మొదలుపెట్టింది విజయా సంస్థ అధినేత బి.నాగిరెడ్డి గారు. నటుడు, రచయిత రావి కొండలరావు గారు ఎన్నో ఏళ్లు ఆ పత్రిక పని చూశారు. సినిమా తీసేవారు, స్టూడియో నడిపేవారు, పత్రిక వేసేవారు ఒక్కరే అయినప్పుడు స్టార్ ఇంటి గొడవ అచ్చులోకి ఎలా వస్తుంది? పైగా ఆ పత్రికలో పనిచేసేవాళ్లకు సినిమా అంటే గౌరవం. బొమ్మ శుభ్రంగా ఉండాలి, రాసే మాట మర్యాదగా ఉండాలి అనుకునేవారు. పల్లెల్లో మంగలి షాపు గోడల మీద, హాస్టల్ గదుల్లో ట్రంకు పెట్టె మూత లోపలివైపు అతికించుకున్న రంగుల బొమ్మలు అలాంటి పత్రికల్లోంచి చింపుకున్నవే.

కాబట్టి గుట్టు నిలిచింది పీఆర్వోల తెలివి వల్ల అనుకోకండి. దారులు తక్కువగా ఉండటం వల్ల నిలిచింది. ఈరోజు దారులు లెక్కలేనన్ని, వాటిలో ఒక్కటి కూడా మీరు మూయలేరు. మీ హీరోని స్కానింగ్‌కి తీసుకెళ్లిన చోట ఎంతమంది చేతుల్లో ఫోన్లు ఉన్నాయో ఒకసారి తలుచుకోండి.

అప్పుడైనా ఇమేజ్‌ని మోసింది గుట్టు కాదు. ఎన్టీఆర్ గారి కృష్ణుడి సంగతే తీసుకోండి. 1956లో ‘సొంతవూరు’లో ఆయన కృష్ణుడిగా కనిపిస్తే జనం ఒప్పుకోలేదు. అందుకే ‘మాయాబజార్’లో ఆ వేషం వేయమన్నప్పుడు ఆయనే వెనకాడారు. దర్శకుడు కె.వి.రెడ్డి గారు పట్టుబట్టి ఒప్పించారు. కిరీటం, ఆహార్యం, నిలబడే తీరు, పెదవి మీద నవ్వు ఎంత ఉండాలి అన్నదాని దాకా శ్రద్ధ పెట్టారు. 1957 మార్చిలో సినిమా వచ్చింది. ఏడాది కిందట కాదన్న జనమే ఆ రూపాన్ని క్యాలెండరుగా ఇంట్లో తగిలించుకున్నారు. తిరుపతి వెళ్లొచ్చే యాత్రికుల బస్సులు మద్రాసులో ఆయన ఇంటి ముందు ఆగడం మొదలైంది. పొద్దున్నే తయారై వాళ్లకు కనిపించి, చేతులు జోడించి పంపేవారట. ఆ ప్రచారానికి ఎవరూ ప్రెస్ నోట్ రాయలేదు. నటన సరిగ్గా కుదిరింది, మనిషి జనానికి అందుబాటులో ఉన్నాడు. మిగతాది జనమే చేశారు.

ఇంకో సంగతి కూడా చూడండి. 1952లో రాయలసీమ కరువు వచ్చినప్పుడు ఆయన ఊరూరా తిరిగి విరాళాలు వసూలు చేశారు. 1977 నవంబర్‌లో దివిసీమను ఉప్పెన ముంచేశాక ఆయన, అక్కినేని గారు, ఇంకా ఎందరో నటులు జోలె పట్టి వీధుల్లోకి వచ్చారు. 1982 మార్చి 29న పార్టీ పెట్టి చైతన్యరథం మీద ఊళ్లలోకి వెళ్లినప్పుడు జనానికి ఆయన రోడ్డు మీద కొత్తగా కనిపించలేదు. తొమ్మిది నెలల్లో అధికారంలోకి వచ్చారంటే తెర మీద కృష్ణుడు, రాముడు ఎంత కారణమో, ఆ జోలె కూడా అంతే కారణమని నేను గట్టిగా నమ్ముతాను. ఇమేజ్ అనే మాట విన్నప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది ముప్పై ఏళ్ల మీద పరుచుకున్న ఈ వరసే. మీ హీరోకి మూడో సినిమా కదా, తొందరేం లేదు.

అక్కినేని గారిది ఇంకో దారి. ‘దేవదాసు’ 1953లో వచ్చాక ఆయన్ని విషాదంలోంచి, తాగుబోతు వేషంలోంచి బయటికి చూడటానికి జనం ఇష్టపడలేదు. అలాంటి బొమ్మ ఒకసారి పడితే చెరగదని ఆయనకు తెలుసు. అందుకే 1955 నాటి ‘మిస్సమ్మ’లో హీరో వేషం కాకపోయినా డిటెక్టివ్ రాజుగా నవ్వించే పాత్ర కావాలని వేశారు. ఇంటర్వ్యూలు ఇచ్చి ‘నేను అలాంటివాణ్ణి కాదు’ అని చెప్పుకోలేదు. పనిలో చూపించారు. ఇప్పుడైతే మనం దీనికి ‘రీబ్రాండింగ్’ అని పేరుపెట్టి డబ్బులు పోస్తున్నాం.

పాతరోజులన్నీ పవిత్రంగా ఉండేవని కూడా అనుకోవద్దు. మనవాళ్లు మద్రాసులో ఉన్న కాలంలోనే, అదే ఊళ్లో, బ్లాక్‌మెయిల్ పత్రిక ఒకటి తారల్ని గడగడలాడించింది. సి.ఎన్.లక్ష్మీకాంతన్ అనే అతను ‘సినిమా తూతు’ అనే పత్రిక నడిపి నటీనటుల సొంత సంగతులు రాసేవాడు. రాయకుండా ఉండాలంటే డబ్బివ్వాలి. తమిళ హీరో త్యాగరాజ భాగవతార్, హాస్యనటుడు ఎన్.ఎస్.కృష్ణన్, దర్శకుడు శ్రీరాములు నాయుడు గవర్నర్‌కు మొరపెట్టుకుంటే లైసెన్సు రద్దయింది. అతను ‘హిందూ నేశన్’ అని ఇంకో పత్రిక మొదలుపెట్టి అదే పని కొనసాగించాడు. 1944 నవంబర్‌లో అతణ్ణి ఎవరో కత్తితో పొడిచి చంపారు. భాగవతార్, కృష్ణన్ ఇద్దరినీ అరెస్టు చేశారు, శిక్ష పడింది. లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ (అప్పటి పై కోర్టు) దాకా వెళ్లి 1947లో నిర్దోషులుగా బయటికొచ్చారు. కానీ ఆ రెండున్నరేళ్లలో భాగవతార్ తారాపథం ముగిసిపోయింది. ‘హరిదాస్’ సినిమా మూడు దీపావళుల మీదుగా ఆడిన హీరోకి మళ్లీ ఆ వెలుగు రాలేదు. నాకు ఈ కథ చెప్పిన పెద్దాయన ఒక మాట కలిపేవారు: ‘డబ్బిచ్చి ఆపిన వార్త ఆగదురా, వాయిదా పడుతుందంతే.’ మీకు ఫోన్ చేసి ‘వీడియో తీసేస్తాం, ఎంతిస్తారు’ అని అడిగేవాడు ఎవరైనా ఉంటే ఈ మాట గుర్తుపెట్టుకోండి. మొదటిసారి ఇచ్చారంటే నెల నెలా అడుగుతాడు.

సావిత్రి గారి పెళ్లి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1952లో జెమినీ గణేశన్ గారితో పెళ్లయింది, కొన్నేళ్లు బయటికి రాలేదు. చివరికి ఎలా తెలిసింది? లక్స్ సబ్బు ప్రకటన మీద ఆమె ‘సావిత్రి గణేశ్’ అని సంతకం పెట్టడంతో. అంత జాగ్రత్తగా దాచింది ఒక్క సంతకంతో బయటపడింది. తెలిశాక ప్రేక్షకులు ఆమెను వదిలేశారా? లేదు, నెత్తిన పెట్టుకున్నారు. మనం ఏ సంగతి తెలిస్తే కొంప మునుగుతుందని టెన్షన్ పడతామో, చాలాసార్లు జనం దాన్ని మనకంటే పెద్దమనసుతో తీసుకుంటారు.

ఇక మీ అసలు విషయం, దెబ్బ.

దెబ్బ తగిలిన హీరోని జనం తక్కువగా చూస్తారన్నది నిర్మాతలకు తరతరాలుగా ఉన్న భయం. చరిత్రలో మాత్రం దానికి ఎదురు సాక్ష్యాలే ఎక్కువ. 1967 జనవరి 12న తోటి నటుడు ఎం.ఆర్.రాధా తుపాకీతో కాల్చినప్పుడు ఎంజీఆర్ గారి మెడలోకి గుండు దిగింది. నెల రోజుల్లో ఎన్నికలు. మెడకు కట్టుతో ఆస్పత్రి మంచం మీద ఉన్న ఫొటోనే పోస్టరుగా వేసి తమిళనాడంతా అంటించారు. ఆయన ప్రచారానికి వెళ్లకుండానే పరంగిమలైలో గెలిచారు. ఆ గాయంతో ఆయన గొంతు మారిపోయింది. తర్వాతి సినిమాల్లో ఆ మారిన గొంతుతోనే మాట్లాడారు. జనం దాన్నీ ప్రేమించారు. 1982 జూలైలో బెంగళూరులో ‘కూలీ’ షూటింగ్‌లో అమితాబ్ బచ్చన్ గారి కడుపులో దెబ్బ తగిలి ప్రాణం మీదికొచ్చింది. దేశమంతా గుళ్లలో పూజలు చేసింది. మరుసటి ఏడాది సినిమా విడుదలైనప్పుడు సరిగ్గా ఆ దెబ్బ తగిలిన చోట బొమ్మను ఆపి, ఇక్కడే గాయపడ్డారని తెర మీద అక్షరాలు వేశారు. దాచాల్సింది అనుకున్నదాన్ని ఫ్రేమ్ ఆపి మరీ చూపించారు.

మన దగ్గర 2021 సెప్టెంబర్‌లో సాయి ధరమ్ తేజ్ గారికి హైదరాబాద్‌లో బైక్ ప్రమాదం జరిగింది. ఆస్పత్రి నుంచి బులెటిన్లు వచ్చాయి. కోలుకున్నాక మాట కూడా మళ్లీ కూడదీసుకోవాల్సి వచ్చిందని ఆయనే ఇంటర్వ్యూల్లో చెప్పారు. 2023లో ‘విరూపాక్ష’కు వచ్చిన ఆదరణలో ఆ నిజాయితీకీ వాటా ఉంది.

నేను ఈ మాటలన్నీ మొదటినుంచీ తెలిసి చెప్పడం లేదు. నేనూ ఒకసారి దాచాను, దాని ఫలితం చూశాను. 2000 దాటిన కొత్తల్లో నేను చూసే ఒక హీరోకి అరకులో పాట తీస్తుండగా జారిపడి భుజం జారింది. విడుదల దగ్గర్లో ఇంకో సినిమా ఉంది. బయ్యర్లు (సినిమా హక్కులు కొనేవాళ్లు) భయపడతారని యూనిట్ అంతా ఒక మాట మీద నిలబడి ‘వైరల్ ఫీవర్, వారంలో వచ్చేస్తారు’ అన్నాం. ఆ ప్రెస్ నోట్ రాసింది నేనే. తొమ్మిది రోజుల తర్వాత చేతికి పట్టీ వేసుకుని కారు దిగుతున్న ఆయన ఫొటో ఓ పత్రికలో వచ్చింది. జ్వరం అన్నవాళ్లు అబద్ధం ఆడారంటే, అసలు సంగతి ఇంకా పెద్దదే అయ్యుంటుందని జనం అనుకున్నారు. ఎవరో కొట్టారన్నారు, తాగి పడిపోయాడన్నారు. ఆయన తల్లిగారికి ఊళ్లో చుట్టాలు ఫోన్లు చేసి ‘మీవాడికి ఏమైందమ్మా, నిజం చెప్పు’ అని అడిగేవారు. ఆమె నాకు ఫోన్ చేసి ఏడ్చారు. భుజం రెండు నెలల్లో బాగైంది. ఆ పుకారు మాత్రం రెండేళ్లు ఆయన వెంట నడిచింది. నేను రాసిన నాలుగు వాక్యాల వల్ల ఒక మంచి మనిషి మీద మచ్చ పడింది. ఆ తర్వాత ఆరోగ్యం విషయంలో నేను ఎన్నడూ అబద్ధం రాయలేదు. ‘ఇది చెప్పదలచుకోలేదు’ అని రాశాను కానీ, లేనిది ఉన్నట్టు రాయలేదు.

ఈ ఫీల్డులోకి వచ్చే ప్రతి కుర్రాడికీ నేను చెప్పే సంఘటన ఒకటుంది. 2013 అక్టోబర్ 19న అక్కినేని నాగేశ్వరరావు గారు తానే పత్రికల వాళ్లను పిలిచి, తనకు క్యాన్సర్ అని చెప్పారు. తొంభై ఏళ్ల వయసు. ఇంట్లోవాళ్లతోనో, ఆస్పత్రితోనో ఓ ప్రకటన ఇప్పించి ఊరుకోవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. ఆయన అలా చేయలేదు. శుభ్రంగా తయారై వచ్చారు, మైకుల ముందు కూర్చున్నారు, ఏమైందో, డాక్టర్లు ఏమన్నారో నిదానంగా చెప్పారు. గొంతులో బెదురు లేదు. ఆ మర్నాటి నుంచి పుకారు రాయడానికి ఎవరికీ ఏమీ మిగల్లేదు. ఆ జబ్బుతోనే ‘మనం’లో తన పని పూర్తిచేశారు. 2014 జనవరి 22న వెళ్లిపోయారు. మేలో సినిమా వచ్చినప్పుడు హాల్లో ఆయన్ని చూసి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లందరికీ అప్పటికే అంతా తెలుసు. ‘దేవదాసు’ బొమ్మను ‘మిస్సమ్మ’తో సరిచేసుకున్న మనిషి, చివరి బొమ్మను కూడా తన చేతుల్లోంచి జారనివ్వలేదు. ఆ రోజు ఆయన చేసినదాన్ని మించిన పీఆర్ నేను ఎక్కడా చూడలేదు, దాన్ని పీఆర్ అనడానికి కూడా నాకు మనసొప్పదు.

అయితే చెప్పేటప్పుడు మాట ఎలా పేర్చామన్నది ముఖ్యం. 2023 జూన్‌లో చిరంజీవి గారు ఒక క్యాన్సర్ ఆస్పత్రి కార్యక్రమంలో మాట్లాడుతూ, ముందుజాగ్రత్తగా పరీక్ష చేయించుకుంటే పేగులో క్యాన్సర్ కాని పాలిప్స్ (చిన్న కండ బుడిపెలు) కనిపించాయని, తీయించేసుకున్నానని చెప్పారు. జనానికి పరీక్షల మీద అవగాహన రావాలని చెప్పిన మాట అది. కొందరు దాన్ని ‘చిరంజీవికి క్యాన్సర్’ అని వేసేశారు. ఎంతమంది కంగారుపడ్డారో! తనకు క్యాన్సర్ రాలేదని ఆయనే మళ్లీ సోషల్ మీడియాలో వివరంగా రాయాల్సి వచ్చింది. మనం నేర్చుకోవాల్సింది ఏమిటంటే, జనం మనసులో ముందుగా లేచే భయం ఏదో దానికి జవాబు మొదటి వాక్యంలోనే ఉండాలి. వివరం తర్వాత. థంబ్‌నెయిల్ చేసేవాడు మొదటి వాక్యం దాటి చదవడు.

మాటకు తోడు ఫొటో. 2022 అక్టోబర్‌లో సమంత గారు తనకు మయోసైటిస్ అనే కండరాల జబ్బు ఉందని చెప్పినప్పుడు పెట్టిన ఫొటో గుర్తుందా? చేతికి సెలైన్, ఎదురుగా మైకు, ‘యశోద’కు డబ్బింగ్ చెబుతున్నారు. జబ్బు ఉందన్న సంగతి, పని ఆగలేదన్న సంగతి ఒకే ఫ్రేములో ఉన్నాయి. వంద మాటలు రాసినా అంత స్పష్టంగా రాదు. మీ హీరో ఫిజియోథెరపీ మొదలుపెట్టే రోజున ఒక్క ఫొటో తీసుకోండి. ఆస్పత్రి మంచం మీద నీరసంగా ఉన్నది వద్దు, దాన్ని ఆయన తల్లిదండ్రులు కూడా చూస్తారు.

మరి మౌనం ఎప్పుడూ పనికిరాదా అంటే, పనికొస్తుంది. శోభన్‌బాబు గారు 1996 తర్వాత సినిమా చేయలేదు. తండ్రి వేషాలకు, వయసైన పాత్రలకు అవకాశాలు వచ్చినా ఒప్పుకోలేదు. నుదుటి మీద రింగు జుట్టు, ఆ నవ్వు, ఆ అందగాడే జనానికి గుర్తుండాలనుకున్నారు. 2008లో పోయేదాకా ఆ మాట మీదే ఉన్నారు. అది పూర్తి మౌనం కాబట్టి నిలబడింది. సినిమాకి మాత్రం కనిపించి, కష్టం వచ్చినప్పుడు మాత్రం మాయమయ్యే మౌనాన్ని జనం నమ్మరు. మీ హీరో వారానికి మూడు రీల్స్ పెట్టే మనిషి. ఆయన పది రోజులు కనిపించకపోతే ఆ ఖాళీనే వార్త అవుతుంది. అయ్యింది కూడా.

ఇప్పటి రోజుల పద్ధతుల గురించి కూడా అడిగారు. పుట్టినరోజుకు కామన్ డీపీ (అభిమానులంతా పెట్టుకునే ఒకే ప్రొఫైల్ ఫొటో), హ్యాష్‌ట్యాగ్ ట్రెండ్, ఇన్ని గంటల్లో ఇన్ని మిలియన్ల వ్యూస్ అన్న పోస్టరు, ఇవన్నీ నేనూ చేయించాను. అవి నచ్చేది ఇప్పటికే మన అభిమాని అయినవాడికి. మిగతావాళ్లకు అవి గోడ మీద సున్నం లాంటివి, చూసీ చూడనట్టు పోతారు. దానికంటే, ప్రభాస్ గారి ఇంటి నుంచి భోజనం వచ్చిందని తోటి నటీనటులు వాళ్లంతట వాళ్లే ఫొటోలు పెట్టుకుంటారే, ఆ బిర్యానీ గిన్నె చేసిన పని ఏ ట్రెండూ చేయలేదు. మన మంచి ఇంకొకరి నోటి నుంచి రావాలి.

అభిమానుల గురించి కాస్త జాగ్రత్తగా చెబుతాను, ఎందుకంటే మన బలం, మన ప్రమాదం రెండూ వాళ్లే. 1998లో చిరంజీవి గారు బ్లడ్ బ్యాంక్ పెట్టారు. అప్పటిదాకా హాలు ముందు దండలకు, కటౌట్లకు పోయే ఉత్సాహం రక్తదానంలోకి మళ్లింది. మా బంధువుల ఇంట్లో ఒక కాన్పుకి రాత్రి పదకొండు గంటలకు రక్తం కావాల్సి వస్తే, ఆ ఊరి అభిమాన సంఘం కుర్రాళ్లు ముగ్గురు స్కూటర్ల మీద వచ్చారు. వాళ్ల పేర్లు కూడా మేం అడగలేదు. తెలుగు సినిమాలో స్టార్ ఇమేజ్‌తో ఎవరైనా చేసిన అతి మంచి పని అదేనని నా అభిప్రాయం.

రెండోవైపు కూడా చూడండి. 2023 నవంబర్‌లో రష్మిక గారి ముఖం అతికించిన డీప్‌ఫేక్ వీడియో దేశమంతా తిరిగింది. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు గుంటూరు జిల్లా కుర్రాణ్ణి అరెస్టు చేశారు. అతను ఆమె ఫ్యాన్ పేజీ నడిపేవాడని, ఫాలోయర్లను పెంచుకోవడానికే ఆ పని చేశాడని పోలీసులు చెప్పారు. ఫ్యాన్ పేజీ! అందుకే మీ హీరో పేరుతో ఎవరెవరు పేజీలు నడుపుతున్నారో మీ దగ్గర ఒక జాబితా ఉండాలి. వాళ్లతో మాట్లాడుతూ ఉండాలి. మరీ హద్దు దాటితే కోర్టు ఉంది. 2025 సెప్టెంబర్‌లో నాగార్జున గారు ఢిల్లీ హైకోర్టు నుంచి, చిరంజీవి గారు హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు నుంచి తమ పేరు, రూపం, గొంతు అనుమతి లేకుండా వాడకూడదని ఉత్తర్వులు తెచ్చుకున్నారు. మీ ఇద్దరు యూట్యూబర్ల మీదకు మాత్రం ఇప్పుడే లాయర్ నోటీసుతో వెళ్లొద్దు. మీరు నిజం చెప్పకుండా వాళ్లది అబద్ధమని నోటీసు పంపితే, ‘అయితే నిజం ఏంటి’ అనే ప్రశ్న మళ్లీ మీ దగ్గరికే వస్తుంది.

ఇంకొక్క జాగ్రత్త. వార్త తెలిసిన రోజున ఆస్పత్రి ముందు అభిమానులు పోగవుతారు. ‘చూశారా మా హీరో క్రేజ్’ అని ఆ గుంపును వీడియో తీసి పెట్టాలని మీ టీమ్‌లో ఎవరికైనా అనిపిస్తే ఒప్పుకోకండి. 2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర ‘పుష్ప 2’ ప్రీమియర్‌లో జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు నెలల తరబడి ఆస్పత్రిలో ఉన్నాడు. కేసు సంగతి కోర్టు చూసుకుంటుంది. మన పని చేసేవాళ్లం మాత్రం ఆ రాత్రి తర్వాత గుంపును చూసి సంతోషపడటం మానేయాలి. ఆస్పత్రిలో పక్క వార్డుల్లో కూడా మనుషులు ఉంటారు. ‘దయచేసి ఇక్కడికి రాకండి’ అన్న మాట మీ నోట్‌లో ఉండి తీరాలి.

నిర్మాత గారిని ఎలా ఒప్పించాలన్నది మీకు అన్నిటికంటే కష్టమైన భాగం. ఆయన భయం డబ్బు గురించి, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. షెడ్యూల్ ఆగితే సెట్ అద్దె, వడ్డీ, కాల్‌షీట్లు, అన్నీ ఆయన నెత్తి మీదే పడతాయి. ఆయన దగ్గరికి వెళ్లేముందు డైరెక్టర్‌తో కూర్చుని, హీరో లేకుండా ఈ మూడు నెలల్లో ఏమేం తీయొచ్చో రాసుకోండి. ఆ కాగితం చేతిలో పెట్టి మాట్లాడండి. ఫైనాన్షియర్‌కీ, బయ్యర్లకూ ఆయనే ముందు ఫోన్ చేసి చెప్పుకునేలా రెండు గంటలు టైమ్ ఇవ్వండి. వాళ్లకు యూట్యూబ్‌లో తెలియడం వేరు, నిర్మాత నోటి నుంచి తెలియడం వేరు. వాళ్ల తర్వాత హీరో తల్లిదండ్రులకు, ఆ తర్వాత అభిమాన సంఘాల పెద్దలకు చెప్పండి. చివర్లో పోస్ట్ పెట్టండి. గొడవ అన్న పుకారు గురించి నోట్‌లో ఒక్క ముక్క కూడా రాయొద్దు. డైరెక్టర్ హీరోని చూడటానికి వచ్చిన ఫొటో మర్నాడు పెడితే సరిపోతుంది, నిజంగా వచ్చి ఉంటేనే సుమా.

నోట్ ఎలా ఉండాలో మీరు అడగలేదు, అయినా రాసి ఇస్తున్నాను. మీ హీరో మాట్లాడే తీరుకు తగ్గట్టు మార్చుకోండి.

‘అందరికీ నమస్కారం. నేను బాగున్నాను, మళ్లీ డాన్స్ చేస్తాను. మొన్న ఫైట్ తీస్తున్నప్పుడు నా మోకాలికి దెబ్బ తగిలింది. ఆపరేషన్ బాగా జరిగింది. డాక్టర్లు మూడు నెలలు రెస్ట్ తీసుకోమన్నారు. అప్పటిదాకా మా టీమ్ మిగతా సీన్లు తీస్తోంది. నన్ను చూడాలని ఆస్పత్రికి దయచేసి రాకండి, ఇక్కడ వేరే పేషెంట్లు ఉన్నారు. నడవడం మొదలుపెట్టిన రోజు నేనే మీకు వీడియో పెడతాను.’

పోస్ట్ చేసే ముందు దీన్ని ఆపరేషన్ చేసిన డాక్టర్ గారికి చదివి వినిపించండి. ‘మళ్లీ డాన్స్ చేస్తాను’, ‘మూడు నెలలు’ అన్న రెండు మాటలకూ ఆయన సరేనంటేనే ఉంచండి. లేదంటే ఆ రెండూ తీసేసి, ఆయన ఒప్పుకున్నంత వరకే పెట్టండి.